ఇంటికి నమ్మకమైన ఏసీ: పెట్టె మీద కనిపించని లెక్కలు

మా ఇంట్లో ఒక ఏసీకి వరుసగా మూడు వేసవులు మెకానిక్కును పిలవాల్సి వచ్చింది. మొదటి ఏడాది వచ్చినతను "గ్యాస్ అయిపోయింది" అని నింపి వెళ్లాడు. రెండో ఏడాది వచ్చిన మరొకరూ అదే మాట అన్నారు. వంటగ్యాస్ సిలిండరులాగా ఇదీ వాడకంతో ఖర్చయ్యే సరుకే కాబోలు అనుకుని మేమూ అడిగినంత ఇచ్చి పంపించాము. మూడో ఏడాది వచ్చిన పెద్దాయన మాత్రం గ్యాస్ సిలిండరును కింద పెట్టి, ముందుగా టార్చిలైటు తీసుకుని అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న పైపుల అతుకులను ఒక్కొక్కటిగా చూశారు. సన్న పైపు చివరనున్న ఇత్తడి నట్టు అడుగున నూనె జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకుని గట్టిపడిన నల్లటి దుమ్ము కనిపించాయి. అక్కడ సబ్బు నురుగు రాస్తే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. ఏసీని బిగించిన రోజున పైపు అంచును సరిగా విప్పారేటట్లు చేయకుండానే నట్టు బిగించారని, గ్యాస్ అప్పటి నుంచీ కొద్దికొద్దిగా పోతూనే ఉందని ఆయన వివరించారు. రెండేళ్లపాటు మేము చేసినది చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఏసీలోని గ్యాస్ ఖర్చయ్యే పదార్థం కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ వేడిని మోసుకుపోవడమే దాని పని. ఎక్కడా లీకు లేకపోతే మొదట నింపిన గ్యాసే ఆ యంత్రం ఉన్నంత కాలం సరిపోతుంది. మా ఏసీ పేరున్న కంపెనీదే, కంప్రెసరు దిట్టమైనదే, నలుగురినీ అడిగి కొన్నదే. అయినా దాన్ని దెబ్బతీసినది గోడకు బిగించేటప్పుడు హడావిడిగా జరిగిన గంటన్నర పని. ఏసీ సగం కర్మాగారంలో తయారైతే, మిగతా సగం దానిని బిగించే ఇంట్లో తయారవుతుంది. దుకాణంలో మనం అడిగే ప్రశ్నలన్నీ మొదటి సగానికి సంబంధించినవే: ఏ కంపెనీ మంచిది, ఎన్ని టన్నులు కావాలి, కరెంటు ఎంత కాలుతుంది. రెండో సగాన్ని కూడా అంత శ్రద్ధగా ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది.

ముందుగా యంత్రం ఏం చేస్తుందో క్లుప్తంగా చూద్దాం. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని ఎత్తి బయట పారబోస్తుంది. ఇండోర్ యూనిట్ కాయిల్‌లో, అంటే మెలికలుగా వంచిన గొట్టాల్లో, తక్కువ ఒత్తిడిలో ద్రవరూపంలో ఉన్న గ్యాస్ మరిగి ఆవిరి అవుతూ గది గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కడంతో దాని ఉష్ణోగ్రత బయటి గాలికంటే ఎక్కువవుతుంది. అందువల్లే అది అవుట్‌డోర్ కాయిల్ దగ్గర తన వేడిని ఎండలో ఉన్న గాలికి సైతం వదిలేసి మళ్లీ ద్రవంగా మారగలుగుతుంది. ఆ ద్రవం ఒక సన్నటి దారి గుండా దూరి, ఒత్తిడి కోల్పోయి, చల్లబడి మళ్లీ లోపలి కాయిల్‌కు చేరుతుంది. అంటే లోపలి కాయిల్‌కు గాలి ధారాళంగా అందాలి, బయటి కాయిల్ నుంచి వేడి అడ్డు లేకుండా పోవాలి, మధ్యలో తిరిగే గ్యాస్ కొలత తప్పకూడదు. ఇళ్లలో ఏసీలకు వచ్చే చాలా ఇబ్బందులు ఈ మూడింటిలో ఏదో ఒకటి చెడడం వల్ల వచ్చేవే.

ఇక టన్నుల సంగతి. ఒక టన్ను ఏసీ అంటే టన్ను బరువున్న ఏసీ అని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ కొలత మంచు దిమ్మల కాలం నాటిది. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే వ్యవధిలో తొలగించగల సామర్థ్యాన్ని ఒక టన్ను అంటారు. గంటకు లెక్క వేస్తే అది 12,000 బీటీయూ (వేడిని కొలిచే పాత యూనిట్), ఇప్పటి కొలతలో సుమారు 3.5 కిలోవాట్లు. ఇది తొలగించే వేడికి కొలతే గాని, ఏసీ వాడుకునే కరెంటుకు కొలత కాదు. మంచి ఏసీ ఒక కిలోవాటు కరెంటుతో మూడున్నర, నాలుగు కిలోవాట్ల వేడిని బయటికి పంపగలదు.

గదికి ఎన్ని టన్నులు కావాలో చదరపు అడుగులను బట్టి చెప్పడం దుకాణాల్లో ఆనవాయితీ. అది తొలి అంచనాకు పనికొస్తుంది, నిర్ణయానికి సరిపోదు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న రెండు గదులను ఊహించుకుందాం. మొదటిది మధ్య అంతస్తులో ఉంది, దాని కిటికీ నీడపట్టున ఉంటుంది. రెండోది పై అంతస్తులో, ఎండకు కాలిన స్లాబు కింద ఉంది, పడమటి గోడకు రెండు చదరపు మీటర్ల అద్దాల కిటికీ ఉంది. తెరలు, నీడ లేని అలాంటి కిటికీ గుండా మండుటెండ సాయంత్రం ఒక కిలోవాటు వరకు వేడి లోపలికి రాగలదు. స్లాబు నుంచి దిగే వేడి ఇంకో కిలోవాటు దాకా ఉండవచ్చు. ఊరికే కూర్చున్న ఒక్కో మనిషి నుంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది, టీవీ, కంప్యూటరు వాడుకునే కరెంటు కూడా చివరికి వేడిగా మారి గదిలోనే చేరుతుంది. చదరపు అడుగుల లెక్కలో ఈ రెండు గదులూ ఒకటే. వాస్తవంలో ఒకదానికి ఒక టన్ను చాలితే రెండోదానికి టన్నున్నర కూడా కష్టపడి సరిపోవచ్చు.

అందువల్ల ఏసీ కొనేముందు చేయదగిన మొదటి ఖర్చు ఏసీ మీద కాకపోవచ్చు. కిటికీకి బయటి వైపున నీడ కల్పించడం, స్లాబు మీద వేడిని తిప్పికొట్టే తెల్లని పూత వేయించడం, తలుపు కింద సందు మూయడం వంటి పనులు వేడిని గదిలోకి రాకముందే ఆపుతాయి. కిటికీ లోపలి తెర కంటే బయటి నీడే మేలు, ఎందుకంటే లోపలి తెర మీద పడిన ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. ఈ పనుల తరువాత అవసరమయ్యే సామర్థ్యం తగ్గితే, ఆ లాభం కొన్న రోజుతో ఆగకుండా ఏసీ నడిచినన్నాళ్లూ కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

"ఎందుకైనా మంచిది, అర టన్ను ఎక్కువే తీసుకోండి" అనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. ఇది మంచి మనసుతో ఇచ్చే చెడ్డ సలహా. కారణం తెలియాలంటే గాలిలోని తేమ సంగతి చూడాలి. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్ ప్రాంతంలోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద మరో రంగు సరిగా కూర్చునేది కాదు. ఆ సమస్యను పరిష్కరించడానికి విల్లిస్ కారియర్ అనే యువ ఇంజినీరు గాలిలోని తేమను అదుపు చేసే వ్యవస్థను రూపొందించాడు. మన ఇంట్లో ఏసీ కూడా ఆ పనే చేస్తోంది. డ్రెయిన్ పైపు నుంచి బొట్టుబొట్టుగా కారే నీరు గది గాలిలోంచి పిండినదే. గంటకు ఒక లీటరు నీటిని అలా పిండాలంటే దాదాపు 680 వాట్ల సామర్థ్యం ఖర్చవుతుంది. ఒక టన్ను ఏసీ శక్తిలో ఇది ఇంచుమించు అయిదో వంతు.

తేమ తగ్గాలంటే గాలి చల్లటి కాయిల్ మీదుగా చాలాసేపు ప్రవహించాలి. అవసరానికి మించిన పెద్ద ఏసీ కొద్ది నిమిషాల్లోనే గాలిని చల్లబరిచి, అనుకున్న ఉష్ణోగ్రత వచ్చిందని కంప్రెసరును ఆపేస్తుంది. కాయిల్ మీద చేరిన నీరు డ్రెయిన్ దాకా దిగకముందే ఫ్యాను గాలికి మళ్లీ గదిలోకి ఆవిరైపోతుంది. గోడ మీది అంకె 24 చూపిస్తున్నా ఒళ్లు జిగటగా, దుప్పటి చెమ్మగా ఉండే గదుల వెనుక చాలాసార్లు ఈ కారణమే ఉంటుంది. చలి చాలలేదనుకుని మనం అంకెను ఇంకా తగ్గిస్తాము, బిల్లు పెరుగుతుంది, హాయి మాత్రం దక్కదు. పైగా మాటిమాటికీ ఆగి మొదలయ్యే కంప్రెసరు తొందరగా అరిగిపోతుంది. చిన్న ఏసీ వల్ల వచ్చే ఇబ్బంది మరో రకమైనది: ఎండ మండే రోజుల్లో అది ఆగకుండా నడుస్తుంది, అయినా గది చల్లబడదు. మీ గది లెక్క ఒక టన్నుకూ టన్నున్నరకూ మధ్యలో తేలి, ఎంచుకోవలసినది ఇన్వర్టర్ ఏసీ అయితే, పెద్దదాని వైపు మొగ్గడంలో అంత ప్రమాదం లేదు, ఎందుకంటే అది తన వేగాన్ని తగ్గించుకోగలదు. ఎంత వరకు తగ్గించుకోగలదో దాని సాంకేతిక పత్రంలో కనీస సామర్థ్యం, గరిష్ఠ సామర్థ్యం అనే రెండు అంకెలలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఎక్కువగా ఉంటే ఆ యంత్రం అంత ఒడుపుగా నడుస్తుంది.

ఇన్వర్టర్ అనే మాట విని కరెంటు పోతే నడిపించే బ్యాటరీ పెట్టె అనుకోకూడదు. కంప్రెసరు మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఎలక్ట్రానిక్ ఏర్పాటు అది. పాత తరహా కంప్రెసరుకు పూర్తి వేగంతో నడవడం, పూర్తిగా ఆగిపోవడం అనే రెండే స్థితులు. ఇన్వర్టర్ కంప్రెసరు గది చల్లబడిన తరువాత నెమ్మదిగా నడుస్తూ, లోపలికి వచ్చే వేడిని వచ్చినంత మేరకు తోడేస్తుంది. తక్కువ వేగంలో అవే పెద్ద కాయిల్స్‌కు తక్కువ పని ఉంటుంది కాబట్టి ఒక్కో యూనిట్ కరెంటుకు తొలగించే వేడి పెరుగుతుంది. రోజూ రాత్రంతా ఏసీ వేసుకునే ఇంట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఏడాదిలో పది రోజులు, అదీ గంటో రెండు గంటలో వాడే అతిథుల గదికి మామూలు ఏసీ చాలు. అక్కడ ఇన్వర్టరుకు పెట్టిన అదనపు ఖర్చు తిరిగి రావడం కష్టం. ఇన్వర్టరుతో వచ్చే మరో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వేగాన్ని మార్చే ఆ పని అంతా అవుట్‌డోర్ యూనిట్‌లోని సర్క్యూట్ బోర్డు మీద ఆధారపడి ఉంటుంది. వోల్టేజి ఎగుడుదిగుళ్లకు, తేమకు, లోపలికి దూరే బల్లులకు, చీమలకు మొదట దెబ్బతినేది ఆ బోర్డే, మార్చవలసి వస్తే ఖరీదైన భాగాల్లో అదీ ఒకటి.

కరెంటు పొదుపును చెప్పే అంకెలు రెండు రకాలు. ఒకటి, ఒకే స్థిరమైన పరిస్థితిలో కొలిచినది: తొలగించిన వేడిని, వాడిన కరెంటుతో భాగిస్తే వచ్చేది. రెండోది, ఒక ఋతువంతా రకరకాల బయటి ఉష్ణోగ్రతల్లో ఏసీ ఎలా నడుస్తుందో అంచనా వేసి తేల్చినది. ఇన్వర్టర్ ఏసీలను పోల్చడానికి ఈ రెండో అంకే సరైనది. కరెంటు పొదుపు లేబుల్ మీది నక్షత్రపు గుర్తుల సంఖ్యను చూసి ఆగిపోకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఈ అంకెను, ఏడాదికి అంచనా వేసిన యూనిట్లను చదవాలి. ఒకే శ్రేణిలో ఉన్న రెండు యంత్రాల మధ్య కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండవచ్చు. ఏ సంవత్సరపు లేబుల్ అన్నదీ చూడాలి, ప్రమాణాలు పెరుగుతున్న కొద్దీ పాత లేబుల్‌కు కొత్త దానితో పోలిక కుదరదు.

పెట్టె మీద రాసిన సామర్థ్యం ఏ ఎండలో కొలిచారన్న ప్రశ్నను మాత్రం కొనేవాళ్లు చాలా తక్కువమంది అడుగుతారు. ఐఎస్‌ఓ 5151 అనే అంతర్జాతీయ ప్రమాణంలో టీ1 అనే పరీక్షకు బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. బాగా వేడి ప్రాంతాలకు ఉద్దేశించిన టీ3 పరీక్షకు బయటి ఉష్ణోగ్రత 46 డిగ్రీలు. బయట వేడి పెరిగే కొద్దీ ఏసీ తొలగించగల వేడి తగ్గుతుంది, వాడే కరెంటు పెరుగుతుంది. అంటే మనకు అది అత్యంత అవసరమైన రోజునే దాని బలం సన్నగిల్లుతుంది. బయట 44, 45 డిగ్రీలు తాకే చోట ఉండేవారు టీ1 అంకెను మాత్రమే నమ్ముకుని టన్నులు లెక్కవేస్తే చాలకపోవచ్చు. అటువంటి చోట 46 డిగ్రీల దగ్గర సామర్థ్యం ఎంతో అడగాలి, ఎన్ని డిగ్రీల దాకా ఆగకుండా నడుస్తుందో కూడా అడగాలి. ఈ రెండు అంకెలూ సాంకేతిక పత్రంలో ఉంటాయి, అమ్మేవారికి నోటికి రాకపోయినా వెతికి చూపించమని అడగడంలో తప్పు లేదు.

గ్యాస్ రకం గురించి తెలుసుకోవలసినది కొంత ఉంది. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఫలితంగా ఆర్-22 అనే పాత గ్యాస్ కొత్త యంత్రాల నుంచి తప్పుకుంటూ వచ్చింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని, గాలిలోకి చేరితే వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 2,088 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పుడు విస్తారంగా వాడుతున్న ఆర్-32 విషయంలో ఆ అంకె సుమారు 675. ఇలాంటి గ్యాసులను క్రమంగా తగ్గించడానికే 2016లో ఆ ఒప్పందానికి కిగాలీ సవరణ వచ్చింది. ప్రొపేన్ అయిన ఆర్-290 ఈ విషయంలో ఎంతో మెరుగు, కానీ సులభంగా మండుతుంది కాబట్టి ఇంటి ఏసీల్లో దాని పరిమాణం మీద కట్టుబాట్లు ఉంటాయి. ఆర్-32 కూడా కొద్దిగా మండే స్వభావం ఉన్నదే. మామూలు వాడకంలో భయపడవలసిన పని లేదు, అయితే లీకును వెతకకుండా, గాలి ఆడని గదిలో, మంట దగ్గర పెట్టుకుని మరమ్మతు చేసే మనిషికి ఈ గ్యాసు ఉన్న యంత్రాన్ని అప్పగించకూడదు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, ఆర్-32 ఒకే పదార్థం. ఏదైనా సరే, యూనిట్ మీద రాసిన గ్రాముల లెక్కన త్రాసు మీద తూచి నింపవలసినదే. చేత్తో పైపును తాకి "సరిపోయింది" అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

కాయిల్ రాగిదా అల్యూమినియందా అన్న వాదన దుకాణాల్లో మతాల చర్చలా సాగుతుంది. రాగి కాయిల్‌కు చిల్లు పడితే వెతికి అతికించడం చాలామంది మెకానిక్కులకు తెలిసిన పని. అల్యూమినియం అతుకు అంత తేలిక కాదు, సాధారణంగా కాయిల్ మొత్తం మార్చవలసి వస్తుంది. ఈ కారణంగా నేను రాగి వైపే మొగ్గుతాను. అలాగని రాగికి చావు లేదని కాదు. మూసి ఉన్న ఇంట్లో శుభ్రపరిచే ద్రవాలు, చెక్క జిగురు, రంగుల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిర్లకు తేమ తోడైతే రాగి గొట్టంలో చీమలపుట్ట లోపలి దారుల్లాంటి సన్నటి సొరంగాలు ఏర్పడి, కంటికి కనిపించని లీకులు మొదలవుతాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో గాలిలోని ఉప్పు బయటి కాయిల్ రెక్కలను తినేస్తుంది, అక్కడ తుప్పు తట్టుకునే పూత ఉన్న కాయిల్ తప్పనిసరి.

విండో, స్ప్లిట్, పోర్టబుల్ రకాల మధ్య ఎంపిక ఎక్కువగా ఇంటి నిర్మాణమే తేల్చేస్తుంది. విండో ఏసీలో గ్యాస్ అతుకులన్నీ కర్మాగారంలోనే పూర్తవుతాయి కాబట్టి బిగించేవారి పొరపాటుతో గ్యాస్ లీకయ్యే అవకాశం చాలా తక్కువ. చప్పుడును భరించగలిగితే అద్దె ఇళ్లకు అది ఇప్పటికీ మంచి యంత్రం. ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ గదిలోని గాలినే బయటికి ఊదుతుంది, ఆ ఖాళీని నింపడానికి సందుల గుండా వేడి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. వేరే దారి లేకపోతే తప్ప దాని జోలికి వెళ్లవద్దు. ఒక అవుట్‌డోర్ యూనిట్‌కు నాలుగు గదులను కలిపే మల్టీ స్ప్లిట్ చోటు ఆదా చేస్తుంది గాని, ఆ ఒక్కటి ఆగిన రోజున ఇల్లంతా ఉక్కపోస్తుంది.

యంత్రం ఎంచుకున్నాక అసలు పరీక్ష బిగించే రోజున మొదలవుతుంది. ఆ రోజు ఇంట్లో ఉండండి, తొందరపడవద్దని వచ్చినవారికి ముందే చెప్పండి. అవుట్‌డోర్ యూనిట్‌ను ఎక్కడ పెడుతున్నారో మొదట చూడాలి. అందం కోసం దానిని ఇరుకు బాల్కనీ మూలలో, జాలీ పలకల వెనుక దాచిపెడితే అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బయట 38 డిగ్రీలే ఉన్నా దాని చుట్టూ 50 ఉంటుంది, మనం ఎంతో వెతికి కొన్న పొదుపంతా అక్కడే ఆవిరైపోతుంది. మనిషి నిలబడి మరమ్మతు చేయగల చోటు ఉండటం కూడా అంతే ముఖ్యం. తాడు కట్టుకుని వేలాడితే తప్ప అందని యూనిట్‌ను ఎవరూ సరిగా శుభ్రం చేయరు, అటువంటి చోట పనిచేసేవారి ప్రాణానికీ ముప్పే.

పైపుల చివరలను విప్పారేటట్లు చేసి నట్టుతో బిగించే అతుకును ఫ్లేర్ అంటారు. పైపును పదునైన కట్టరుతో కోయాలి, అంచులోని గరుకును తీసేయాలి, ఆ తురుము పైపులో పడకుండా పైపు మూతిని కిందికి వంచి పట్టుకోవాలి. నట్టును ముందుగా పైపుకు ఎక్కించి, విప్పారిన అంచు అద్దంలా నున్నగా వచ్చిందో లేదో చూసి, ఎంత బలంతో తిప్పాలో చూపించే రెంచితో బిగించాలి. మామూలు రెంచితో మోకాలు ఆనించి బిగిస్తే మెత్తటి రాగి అంచు చిట్లుతుంది, వదులుగా బిగిస్తే గ్యాస్ కారుతుంది. మా ఇంట్లో సరిగా విప్పారని ఆ అంచు మీద నట్టును ఎలా బిగించారో ఇప్పుడు తేల్చలేను గాని, ఆ అంచును కోసేసి కొత్తగా చేసిన తరువాత మళ్లీ గ్యాస్ నింపవలసిన అవసరం రాలేదు.

అతుకులయ్యాక పైపుల్లో మిగిలిన గాలినీ తేమనూ వాక్యూమ్ పంపుతో లాగేయాలి. నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేది ఈ ఒక్క పని మీదే. పంపు తేవడం బరువు, నడపడానికి సమయం పడుతుంది కాబట్టి కొందరు యూనిట్‌లోని గ్యాసునే కొంచెం వదిలి గాలిని "తోసేశాము" అంటారు. అలా చేస్తే తేమ మిగిలిపోతుంది. ఇప్పటి గ్యాసులతో వాడే కంప్రెసరు నూనెల్లో ఎక్కువ భాగం తేమను ఇట్టే పీల్చుకునేవే. ఆ నూనె తేమతో కలిసి క్రమంగా ఆమ్లంగా మారి, మోటారు తీగల మీది పూతను తినేస్తుంది. నాలుగైదేళ్ల తరువాత కంప్రెసరు కాలిపోయినప్పుడు తప్పు కంపెనీదని అందరం అనుకుంటాము. పంపు నడుస్తుండగా సున్నితమైన గేజీలో పీడనం 500 మైక్రాన్లకు దిగాలి. సాధారణ వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లని గుర్తుంచుకుంటే అది ఎంత శూన్యమో తెలుస్తుంది. అంత తక్కువ పీడనం వైపు దిగుతున్నప్పుడు పైపులోని నీరు వేడి చేయకుండానే మరిగి ఆవిరై పంపు గుండా పోతుంది. తరువాత పంపు ఆపి పది నిమిషాలు గేజీని గమనించాలి. ముల్లు కదలకుండా నిలిస్తే అతుకులు గట్టివి. అది వేగంగా పైకి లేస్తే ఎక్కడో లీకు ఉంది, గ్యాస్ వాల్వు తెరవకముందే దానిని పట్టుకోవాలి. దీనికి ముందే నైట్రోజన్ నింపి అతుకులను పరీక్షించే మెకానిక్కు దొరికితే ఆయన ఫోను నంబరు పదిలంగా దాచుకోండి.

పైపు పొడవు సంగతి కూడా అడగాలి. యూనిట్‌లో కర్మాగారం నింపి పంపిన గ్యాస్ ఒక నిర్ణీత పొడవుకే సరిపోతుంది, అంతకు మించితే ఒక్కో మీటరుకు ఇన్ని గ్రాములని మాన్యువల్‌లో రాసినంత కలపాలి. డ్రెయిన్ పైపుకు మొదటి నుంచి చివరి దాకా వాలు ఉండాలి. గోడ లోపల ఎక్కడైనా పైకి లేచిందంటే నీరు అక్కడ నిలిచి నాచు పట్టి, ఒకనాడు ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదికి కారుతుంది. గోడను పూడ్చేముందే ఇండోర్ ట్రేలో ఒక చెంబెడు నీళ్లు పోయించి బయట ఎంత తొందరగా వస్తాయో చూస్తే ఈ బెంగ తీరిపోతుంది.

కరెంటు ఏర్పాటులో ఏసీకి ప్రత్యేకమైన తీగ, తగిన ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్చి), నికరమైన ఎర్తింగ్ ఉండాలి. పాత ప్లగ్గుకు తగిలిస్తే నడవవచ్చు, కానీ ప్లగ్గు గోధుమరంగుకు మారి కాలిన వాసన వచ్చేది అటువంటి ఇళ్లలోనే. స్టెబిలైజర్ కావాలా వద్దా అన్నది మీ ఇంటి వోల్టేజిని బట్టి ఉంటుంది. "స్టెబిలైజర్ అవసరం లేదు" అని రాసిన యంత్రాలకు కూడా ఎంత నుంచి ఎంత వోల్టేజి వరకు అన్న హద్దు ఉంటుంది. ఎండాకాలం రాత్రి పది గంటలకు, చుట్టుపక్కల ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు మీ ప్లగ్గులో ఎంత వస్తుందో ఎలక్ట్రీషియనుతో కొలిపించి ఆ హద్దుతో పోల్చి చూడండి.

వారంటీ కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండే పదేళ్లు సాధారణంగా కంప్రెసరుకు మాత్రమే వర్తిస్తాయి. సర్క్యూట్ బోర్డుకు ఎన్నేళ్లు, కాయిల్‌కు ఎన్నేళ్లు, కంప్రెసరు ఉచితంగా మార్చినా గ్యాసు, కూలి, రవాణా ఎవరు భరించాలి అన్న ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏళ్ల సంఖ్య కన్నా నాకు విలువైనదిగా తోచేది మరొకటి: మీరున్న చోట ఆ కంపెనీ శిక్షణ పొందిన మెకానిక్కు, విడిభాగాల నిల్వ ఉన్నాయా అన్నది. మండే ఎండల్లో బోర్డు కోసం మూడు వారాలు ఎదురు చూడవలసి వస్తే, ఎంత గొప్ప పేరున్న యంత్రమైనా ఆ ఇంటికి నమ్మకమైనది కాదు. అదే కంపెనీ ఏసీని అయిదారేళ్లుగా వాడుతున్న ఇరుగుపొరుగువారిని అడగండి. ఎంత బాగా చల్లబరుస్తుందని కాదు, చెడిపోయినప్పుడు ఎన్ని రోజుల్లో బాగుపడిందని అడగండి. వైఫై, సువాసన, రకరకాల వడపోతల వంటి అదనపు హంగుల గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే, అవి ఎన్ని ఎక్కువైతే చెడిపోయే భాగాలూ అన్ని ఎక్కువ.

కొన్న తరువాత మన వంతు పని పెద్దది కాదు. రెండు వారాలకొకసారి ఇండోర్ యూనిట్ జాలీలను తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. దుమ్ముపట్టిన జాలీతో గాలి ఆడక కాయిల్ మంచు కడుతుంది, చల్లదనం తగ్గుతుంది, ఆ మంచు కరిగి నీరు కారుతుంది, చివరికి ఎవరో వచ్చి గ్యాస్ అయిపోయిందంటారు. ఉష్ణోగ్రతను 25, 26 దగ్గర ఉంచి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి హాయిగానే ఉంటుంది. రిమోటులో 16 పెట్టినంత మాత్రాన మామూలు ఏసీ గదిని తొందరగా చల్లబరచదు, ఆగవలసిన చోట ఆగకుండా నడుస్తుంది, అంతే.

బిగించిన రోజున ఇంకొక చిన్న పని చేయండి. ఏసీ పూర్తి వేగంతో పావుగంట నడిచాక మామూలు థర్మామీటరును ముందుగా ఇండోర్ యూనిట్ పైభాగంలో గాలి లోపలికి వెళ్లే చోట, తరువాత కింద చల్లగాలి వచ్చే చోట పెట్టి చూడండి. రెండింటి మధ్య సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటుంది. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్న రోజున కాస్త తగ్గవచ్చు. ఆ తేడాను, తేదీని, ఆ సమయంలో బయటి ఉష్ణోగ్రతను ఒక చీటీ మీద రాసి వారంటీ కాగితంతో కలిపి పెట్టుకోండి. పెద్దాయన మా ఏసీని బాగుచేసి వెళ్లిన రోజు మేము రాసుకున్న అంకె 11. ఇప్పుడు ప్రతి వేసవి మొదట్లో జాలీలు కడిగి అదే థర్మామీటరుతో మళ్లీ కొలుస్తున్నాము. పోయినసారి కూడా 11 వచ్చింది, గ్యాస్ సంగతి ఎత్తిన మెకానిక్కుకు ఆ చీటీ చూపించి పంపించాము.